పైడి జైరాజ్

హైదరాబాదు నుండి పడమరగా పోవు రైలుమార్గము వికారాబాదు, తాండూరు పట్టణముల మీదుగా సాగి, వాడి అను కూడలియందు బొంబాయి పోవు పెద్దమార్గమును కలియును. నిజాము ప్రభుత్వము వారి ధనముతో నిర్మింపబడిన ఈ మార్గము 1874లో తెరువబడెను. వికారాబాదు చేరువ అనంతగిరి అడవులును, తాండూరు చుట్టుప్రక్కల నాపరాతి గనులును కందిచేలును కలవు. తాండూరు దాటిన కొంతసేపటికే తెలుగుమాట వెనుకబడి కన్నడము వినవచ్చును. హైదరాబాదు సంస్థానమున పుట్టి బొంబాయిలో బ్రతుకుతెరువు వెదకికొన్న యువకులకు ఆనాడు ఇది ముఖ్యమైన దారి. అట్లు బొంబాయి చేరి, చలనచిత్రములలో అరువది సంవత్సరములకు దగ్గరగా నటించిన తెలుగువాడు పైడి జైరాజ్.

జైరాజ్ 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరమున జన్మించెను. హైదరాబాదులోని నిజాం కళాశాలలో విద్య నభ్యసించెను. ఆ కాలమున సంస్థానమునందు కచేరీల భాష ఉర్దూ. ప్రభుత్వపు ఉత్తరువులు, న్యాయస్థానములలోని వాదములు ఆ భాషలోనే నడచెడివి. తెలుగు మాతృభాషగా గలవారు సైతము కొలువు కావలయునన్న ఉర్దూ నేర్వక తప్పెడిది కాదు. ఇది వారికి భారముగానే యుండెను. తమ ఊరనే తమ భాషకు మన్నన లేదను బాధయు వారికి కలదు. అయినను ఆ భారమే ఈ యువకునికి ఎట్లు అక్కరకు వచ్చెనో ముందు చూతము.

హైదరాబాదులో సినిమా తీయు ప్రయత్నము అంతకు పూర్వము జరుగకపోలేదు. బెంగాలు నుండి వచ్చిన ధీరేంద్రనాథ గంగూలీ 1922లో అచ్చట లోటస్ ఫిల్మ్ కంపెనీని నెలకొల్పి, నిజాము ప్రభువు ఆదరణతో కొన్ని చిత్రములను తీసెను. 1924లో ఆయన రజియా బేగం అను చిత్రమును ప్రదర్శించెను. ఢిల్లీ సింహాసన మెక్కిన ముస్లిం రాణి ఒక హిందువును ప్రేమించినట్లు అందు చూపుట ప్రభువునకు ఆగ్రహము కలిగించెను. గంగూలీ వెంటనే సంస్థానమును విడిచి పోవలసి వచ్చెను. ఆయనతోపాటు ఆయన కంపెనీయు పోయెను. కావున నటుడు కాగోరు హైదరాబాదు యువకుడు రైలెక్కక తప్పలేదు.

1929లో జగ్‌మగ్తీ జవానీ అను చిత్రమున జైరాజ్ తొలిసారి తెరమీద కనబడెను. మరుసటి సంవత్సరము రసీలీ రాణి అను చిత్రమున మాధురి అను నటి సరసన నాయకుడయ్యెను. అప్పటికి సినిమా మూగది. నటుని పెదవులు కదలినను మాట వినబడదు. సంభాషణలను అక్షరములుగా వ్రాసి నడుమ నడుమ తెరపై చూపెడివారు. చదువు రానివారి కొరకు ఒకడు నిలువబడి వాటిని బిగ్గరగా చదివెడివాడు. తెరముందు హార్మోనియము, తబలా వాయించువారు కూర్చుండెడివారు. మాట లేదు గనుక నటన సులభమని తలంపరాదు. కోపమును, శోకమును, ప్రేమను కన్నులతోడను చేతులతోడను మాత్రమే తెలుపవలెను. కొంచెము మితిమీరెనా, ప్రేక్షకులు నవ్వుదురు. జైరాజ్ పొడగరి, కసరత్తుచే దిద్దబడిన దేహము గలవాడు. గుఱ్ఱపుస్వారి, కత్తియుద్ధము గల కథలకు అట్టివాడే కావలెను. రెండుమూడేండ్లలోనే ఆయన పదికి పైగా మూగచిత్రములలో నటించెను.

ఇంతలో పెద్ద మార్పు వచ్చెను. 1931 మార్చి 14వ తేదీన బొంబాయిలోని మెజెస్టిక్ సినిమాలో ఆలం ఆరా అను చిత్రము ప్రదర్శింపబడెను. భారతదేశమున మాటలాడిన తొలి చిత్ర మదియే. ప్రేక్షకులు సంతోషించిరి గాని, నటులలో పలువురి గుండెలలో రాయి పడెను. అంతవరకు అందమైన ముఖము, చక్కని నడక చాలును. ఇకమీదట హిందుస్తానీ స్పష్టముగా పలుకవలెను. మూగచిత్రముల కాలమున దేశమునందే మిక్కుటమైన జీతము తీసికొన్న సులోచన అను నటి సైతము ఆ భాష రానందున, కొంతకాలము నటన మాని దానిని నేర్చి రావలసి వచ్చెను. అట్లు నేర్వలేనివారు మరల తెరపై కనబడలేదు.

జైరాజ్‌కు ఆ చిక్కు లేదు. కరీంనగరపు తెలుగు కుఱ్ఱవానికి హైదరాబాదు నేర్పిన ఉర్దూ ఇచ్చట ఆదుకొనెను. 1932లో షికారీ అను చిత్రముతో ఆయన మాటల చిత్రములలో అడుగు పెట్టెను. ఉత్తరదేశమునుండి వచ్చినవారి నడుమ దక్షిణాదివాడొకడు వారి భాషలోనే నాయకుడై నిలిచెను.

ఆ దినములలో మలాడులోని బాంబే టాకీస్ సంస్థకు గొప్ప పేరు కలదు. హిమాంశు రాయ్, దేవికారాణి దంపతులు 1934లో దానిని స్థాపించిరి. దేవికారాణి బెంగాలీ వనితయే యైనను పుట్టినది మన వాల్తేరులో. ఆ సంస్థ 1938లో తీసిన భాభీ చిత్రమున జైరాజ్ నాయకుడు. 1943లో హమారీ బాత్ అను చిత్రమున ఆయన దేవికారాణి సరసన నటించెను. ఆమె నటించిన చివరి చిత్రమదియే. 1945లో అదే సంస్థకు ఆయన ప్రతిమ అను చిత్రమును దర్శకుడై తీసెను. అందలి నాయకుడు అప్పుడే తెరకు వచ్చిన యువకుడు, దిలీప్ కుమార్. దిలీప్ కుమార్‌కు అది రెండవ చిత్రము. 1951లో నర్గీస్ నాయికగా సాగర్ అను చిత్రమును జైరాజ్ స్వయముగా నిర్మించెను.

వయసు నలువది దాటిన పిమ్మట జైరాజ్‌కు చరిత్రపురుషుల పాత్రలు పేరు తెచ్చెను. 1957లో అమర్‌సింగ్ రాథోడ్, 1959లో టిప్పు సుల్తాన్, 1962లో టిప్పు తండ్రియైన హైదర్ అలీ, 1963లో చంద్రశేఖర్ ఆజాద్ పాత్రలను ఆయన ధరించెను. ముందు కొడుకై, తరువాత తండ్రియగుట చిత్రసీమలోనే చెల్లును. 1961లో రజియా సుల్తానా అను చిత్రమునను ఆయన నటించెను. ఏ రాణి కథ హైదరాబాదు నుండి సినిమాను వెడలగొట్టెనో, ఆ రాణి కథయందే హైదరాబాదున చదివిన నటుడు బొంబాయిలో వేషము కట్టెను.

నాయకుని స్థానము ఎల్లకాలము నిలువదు. క్రొత్త నాయకులు వచ్చుకొలది జైరాజ్ పాత్రలు చిన్నవి కాజొచ్చెను. కొందరు నటులు అట్టి సమయమున కోపించి ఇంట కూర్చుందురు. ఆయన అట్లు చేయలేదు. ఇచ్చిన పాత్ర ఎంతటిదైనను తీసికొని, వేళకు పోయి నటించి వచ్చెడివాడు. విదేశీయులు 1963లో తీసిన నైన్ అవర్స్ టు రామా అను చిత్రమున ఘనశ్యామదాస్ బిర్లా పాత్ర ధరించెను. 1975లో విడుదలయైన షోలే చిత్రమును నేటికిని జనులు చూచుచున్నారు. అందలి పోలీసు కమిషనరు ఒకప్పటి మూగచిత్రముల నాయకుడని వారిలో ఎందరికి తెలియును? ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్ట మిదియే. కత్తి పట్టి గుఱ్ఱమెక్కినవాడు, రెండు నిమిషముల పాత్రకును అంతే శ్రద్ధతో సిద్ధమగుట చిన్న విషయము కాదు.

భారత ప్రభుత్వము 1980వ సంవత్సరమునకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును జైరాజ్‌కు ప్రదానము చేసెను. చలనచిత్రరంగమున దేశమునందు దీనిని మించిన గౌరవము లేదు. తెలుగువారిలో అంతకుముందు 1974వ సంవత్సరపు పురస్కారమును బి. ఎన్. రెడ్డి పొందియుండెను. కాని ఈ ఇరువురికిని ఒక భేదము కలదు. బి. ఎన్. రెడ్డి తెలుగు చిత్రములు తీసి ఖ్యాతి గాంచెను. జైరాజ్ తన జీవితమున ఒక్క తెలుగు చిత్రమునందైనను నటింపలేదు.

ఇది విచిత్రముగా తోచును. తొలి తెలుగు మాటల చిత్రమైన భక్తప్రహ్లాద 1932లో విడుదలయ్యెను. దానిని తీసినది మద్రాసులో కాదు, జైరాజ్ నివసించుచున్న బొంబాయిలోనే. అయితే ఆ చిత్రమునకు పద్యమును రాగయుక్తముగా పాడగల రంగస్థల నటులు కావలసి యుండిరి. సురభి నాటకసమాజమువారు రైలెక్కి వచ్చి నటించిరి. తరువాత తెలుగు చిత్రములకు మద్రాసు నెలవయ్యెను. హైదరాబాదు యువకునికి ఉర్దూ బొంబాయి తలుపు తెరచెను గాని, మద్రాసు తలుపు తట్టుటకు ఆయనకు తీరికయు అవసరమును కలుగలేదు. ఆయన నోట తెలుగు మాటను తెరపై వినుభాగ్యము మనకు లేకపోయెను.

2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన జైరాజ్ ముంబయిలో కన్నుమూసెను. అప్పటికాయన వయస్సు తొంబది యేండ్లు. హైదరాబాదులోని రవీంద్రభారతియందు చిత్రములను ప్రదర్శించు చిన్న శాల యొకటి కలదు. దానికి పైడి జైరాజ్ పేరు పెట్టిరి. యువకులు తాము తీసిన తెలుగు లఘుచిత్రములను తెచ్చి అందు ప్రదర్శించుచుందురు.