ఎలిజబెత్ ఫ్రై

ఎలిజబెత్ ఫ్రై 1780వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి నార్విచ్ పట్టణమున సంపన్న కుటుంబమున జన్మించెను. పండ్రెండేండ్ల ప్రాయముననే ఆమెకు మాతృవియోగము సంభవించెను. 1800లో జోసెఫ్ ఫ్రై యను వర్తకుని వివాహమాడి లండను నగరము చేరెను.

1813లో ఆమె న్యూగేటు కారాగారమును దర్శించెను. అచట సుమారు మూడువందలమంది స్త్రీలు ఇరుకు గదులలో క్రిక్కిరిసి యుండిరి. ఏ నేరమును ఎరుగని వారి పసిబిడ్డలును తల్లులతోపాటు కటికనేలపై పరుండుచుండిరి. ఆమె హృదయము ద్రవించెను. తోడి స్త్రీలతో కలిసి వస్త్రములు కుట్టి, ఆ శిశువులకు పంచిపెట్టెను.

1816 చివర ఆమె మరల వచ్చి, బిడ్డలకొక బడి పెట్టుదమా యని తల్లుల నడిగెను. వారు కన్నీటితో అంగీకరించిరి. అధికారులు మాత్రము ఆ యత్నము వ్యర్థమని తలచిరి, చోటు లేదనిరి. ఆమె నిరాశ చెందక, ఖాళీగానున్న యొక చిన్న గదిని వెదకి సంపాదించెను.

1817లో బడి ప్రారంభమయ్యెను. గడియారము దొంగిలించి శిక్షపడిన మేరీ కానర్ అను చదువరిని ఖైదీలే ఉపాధ్యాయినిగా ఎన్నుకొనిరి. పిల్లల చదువు చూచి, పెద్దలును తమకు చదువు, కుట్టుపని నేర్పుమని వేడుకొనిరి. ఆ యేడే ఖైదీ స్త్రీల అభ్యున్నతికై ఆమె యొక సంఘమును స్థాపించెను. 1818లో పార్లమెంటు ఉపసంఘము ఎదుట వారి దుస్థితిని వివరించెను.

పదునొకండుమంది బిడ్డల తల్లియయ్యు, పరుల బిడ్డలను మరువని ఆ సాధ్వి 1845లో పరమపదించెను.

బాలలారా! తల్లిదండ్రుల దోషము బిడ్డల దోషము కాదు. అట్టివారు మీ తరగతిలో నున్నచో, చిన్నచూపు చూడక చేయి అందింపుడు.