శిరస్త్రాణం లేని యోధుడు

ఏ ఆటలోనైనా విజయం లభించినప్పుడు ప్రేక్షకుల చూపు బంతిని గమ్యానికి చేర్చిన వానిమీదనే నిలుస్తుంది. అతనికి దారి కల్పించినవాడు, ప్రత్యర్థులను తన దేహంతో అడ్డగించి నిలిపినవాడు సాధారణంగా ఎవరి కంటా పడడు. కోటకు పునాదిరాయి ఎంత అవసరమో జట్టుకు అటువంటివాడు అంత అవసరం. అయినా పునాదిరాయిని చూడడానికి ఎవరూ వెళ్లరు. అటువంటి స్థానంలో పది సంవత్సరాలకు పైగా నిలిచి, అనంతరం న్యాయపీఠాన్ని అలంకరించిన అమెరికా దేశపు నల్లజాతి క్రీడాకారుడు ఫ్రెడరిక్ వేమన్ స్లేటర్. లోకం ఆయనను డ్యూక్ స్లేటర్ అని పిలిచింది.

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో తన్నే ఆట స్ఫురిస్తుంది. అమెరికన్ ఫుట్‌బాల్ అందుకు భిన్నమైనది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తడం, విసరడం అందులో ప్రధానం. ఒక్కొక్క జట్టులో పదకొండుగురు ఉంటారు. వారిలో ముందు వరుసలో నిలిచేవారు ప్రత్యర్థులతో ముఖాముఖి తలపడతారు. తమ జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు అడ్డువచ్చినవారిని తొలగించి దారి చేయాలి. బంతి ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు ఆ గోడను ఛేదించుకొని వెళ్లి, బంతితో వస్తున్నవానిని పడగొట్టాలి. నేడు ఈ రెండు పనులకు వేరువేరు ఆటగాళ్లు ఉన్నారు. స్లేటర్ కాలంలో మాత్రం రెండింటినీ ఒక్కరే నిర్వహించేవారు. ఆ వరుసలో ఆయనది టాకిల్ అనే స్థానం.

స్లేటర్ 1898 డిసెంబరు 9వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రంలోని నార్మల్ అనే పట్టణంలో జన్మించాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. ఆయన ఉద్యోగరీత్యా ఆ కుటుంబం మిసిసిపీ నదీతీరాన, అయోవా రాష్ట్రంలో ఉన్న క్లింటన్ నగరానికి చేరింది. బాలుడైన స్లేటర్‌కు ఫుట్‌బాల్ మీద మక్కువ కలిగింది. ప్రమాదభరితమైన ఆ ఆటకు తండ్రి మొదట సమ్మతించలేదు. కుమారుని పట్టుదల చూచి చివరకు అంగీకరించాడు. అయితే మరొక సమస్య ఎదురైంది. ఆ పాఠశాలలో ఆటగాళ్లు తమ బూట్లను, శిరస్త్రాణాన్ని, అనగా హెల్మెట్‌ను, తామే కొనుక్కోవాలి. ఆ తండ్రి సంపాదన రెండింటికీ చాలదు. ఏదో ఒకటి కోరుకొమ్మన్నాడు. స్లేటర్ బూట్లనే కోరుకొన్నాడు. అతని పాదాలు ఎంత పెద్దవంటే, వాటికి సరిపడే బూట్లను బయటి నుంచి ప్రత్యేకంగా తెప్పించవలసి వచ్చింది. తలకు రక్షణ లేకుండానే అతడు మైదానంలో అడుగుపెట్టాడు. పేదరికం నేర్పిన ఆ అలవాటు తరువాత ఆయన గుర్తింపు చిహ్నమైంది.

1918లో స్లేటర్ అయోవా విశ్వవిద్యాలయం తరఫున ఆడడం ప్రారంభించాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, అందుకు తగిన బరువు, ఆ బరువును మించిన చురుకుదనం ఆయనకు సహజ సంపదలు. 1921 అక్టోబరు 8న అయోవా జట్టు నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ జట్టును ఎదుర్కొన్నది. నూట్ రాక్నీ శిక్షణలో ఆ జట్టు 1919, 1920 సంవత్సరాలలో ఓటమి అన్నది ఎరుగదు. నాటి పోరులో అయోవా 10-7 తేడాతో గెలిచింది. శిరస్త్రాణం లేని స్లేటర్ ఒక్కడే పలువురు ప్రత్యర్థులను నెట్టివేస్తూ, వెనుక వస్తున్న సహచరునికి దారి చేస్తున్న దృశ్యం ఒక ఛాయాచిత్రంలో శాశ్వతంగా నిలిచిపోయింది. ఆ సంవత్సరం ఆడిన ఏడు ఆటలలోనూ అయోవా విజయం సాధించింది.

1920లో ప్రారంభమైన వృత్తి క్రీడాకారుల సంఘం 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అనే పేరు ధరించింది. ఆ సంవత్సరమే స్లేటర్ రాక్ ఐలాండ్ ఇండిపెండెంట్స్ జట్టులో చేరాడు. ఆ లీగ్‌లో ముందు వరుసలో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా చరిత్ర ఆయనను గుర్తించింది. అయితే మైదానంలోని ప్రత్యర్థుల కంటె బలమైన ప్రత్యర్థి మైదానం వెలుపల ఉన్నది. అది వర్ణవివక్ష. 1924లో రాక్ ఐలాండ్ జట్టు ఆడడానికి కాన్సస్ సిటీకి వెళ్లింది. నల్లజాతివానితో కలిసి ఆడడానికి ఆతిథేయులు ఒప్పుకోలేదు. శరీరంలో ఏ లోపమూ లేకున్నా స్లేటర్ ఆ రోజు బయట కూర్చోవలసి వచ్చింది. ఆయన లేని రాక్ ఐలాండ్ జట్టు ఓడిపోయింది. ఎన్ని దెబ్బలు తగిలినా ఆటకు దూరం కాని ఆ ధీరుడు తన వృత్తి జీవితంలో ఆడలేకపోయిన ఆట అదొక్కటే. ఆయనను ఆపినది గాయం కాదు, చర్మపు రంగు.

1926లో స్లేటర్ షికాగో కార్డినల్స్ జట్టుకు మారాడు. మరుసటి సంవత్సరం ఆ లీగ్ అంతటిలో ఆయన తప్ప మరొక నల్లజాతి ఆటగాడు లేడు. ఆ ఒంటరితనంలోనూ ఆయన ఆట సడలలేదు. 1929 నవంబరు 28న షికాగో బేర్స్ జట్టు మీద కార్డినల్స్ ఆటగాడు ఎర్నీ నెవర్స్ ఒక్కడే 40 పాయింట్లు సాధించాడు. తొమ్మిది దశాబ్దాలు గడిచినా ఆ రికార్డు చెరిగిపోలేదు. నాడు నెవర్స్ ముందు నడిచి అతనికి దారి చేసినవారిలో స్లేటర్ ముఖ్యుడు. కీర్తి నెవర్స్‌కు దక్కింది. శ్రమలో స్లేటర్ భాగం పెద్దది.

ఆట శాశ్వతం కాదని స్లేటర్ ముందుగానే గ్రహించాడు. ఆటల కాలం ముగియగానే అయోవా విశ్వవిద్యాలయానికి తిరిగివెళ్లి న్యాయశాస్త్రం చదివేవాడు. కొన్ని నెలలు మైదానం, కొన్ని నెలలు గ్రంథాలయం; ఈ విధంగా సాగిన కృషి ఫలించి 1928లో ఆయన న్యాయశాస్త్ర పట్టభద్రుడయ్యాడు. 1931లో లీగ్ నుంచి విరమించి షికాగోలో న్యాయవాద వృత్తిలో స్థిరపడ్డాడు.

ఆయన వైదొలగిన కొద్దికాలానికే లీగ్ ద్వారాలు నల్లజాతివారికి మూసుకుపోయాయి. 1934 నుంచి 1945 వరకు ఒక్క నల్లజాతి ఆటగాడికీ అందులో స్థానం లభించలేదు. అటువంటి నియమం ఏ పుస్తకంలోనూ వ్రాసిలేదు. అయినా యజమానులందరూ దానిని పాటించారు. తాను దాటివచ్చిన ద్వారం తన తరువాతివారికి మూసుకుపోవడం స్లేటర్ కళ్లారా చూచాడు. చూచి ఊరుకోలేదు. అవకాశం కోల్పోయిన నల్లజాతి యువకుల జట్లకు శిక్షణ ఇచ్చి వారి ఆట ఆగిపోకుండా చూశాడు. 1946లో లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరిని చేర్చుకోవడంతో ఆ ద్వారం మళ్లీ తెరుచుకొన్నది.

1948లో షికాగో ప్రజలు స్లేటర్‌ను మునిసిపల్ న్యాయస్థానానికి న్యాయమూర్తిగా ఎన్నుకొన్నారు. ఆ నగరంలో అటువంటి గౌరవం పొందిన నల్లజాతీయులలో ఆయన రెండవవాడు. 1960లో ఆయన సుపీరియర్ కోర్టు న్యాయమూర్తి అయినాడు. అక్కడ ఆ పదవి పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. ఒకనాడు రంగు కారణంగా మైదానం వెలుపల కూర్చున్నవాడు, అన్ని రంగులవారికీ న్యాయం చెప్పే పీఠం మీద కూర్చున్నాడు. 1966 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు.

1951లో కళాశాల ఫుట్‌బాల్ కీర్తిమందిరం తన తొలి జాబితాలోనే స్లేటర్‌కు స్థానం కల్పించింది. వృత్తి ఫుట్‌బాల్ కీర్తిమందిరం మాత్రం ఆయన మరణించిన 54 సంవత్సరాలకు, 2020లో గాని ఆయనను ఎంపిక చేయలేదు. అయోవా విశ్వవిద్యాలయం 1972లో ఒక విద్యార్థి వసతిగృహానికి, 2021లో తన క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టింది. 1921 నాటి ఛాయాచిత్ర దృశ్యం నేడు అక్కడి స్టేడియం గోడ మీద శిల్పమై నిలిచి ఉన్నది. అందులోనూ స్లేటర్ తలకు శిరస్త్రాణం లేదు.

ఆలస్యంగా లభించిన గౌరవం జరిగిన అన్యాయాన్ని తుడిచివేయలేదు. కాని స్లేటర్ గౌరవం కోసం ఎదురుచూస్తూ కాలం గడపలేదు. ఉన్న సాధనంతో ఆటకు దిగాడు, ఆట ఉన్నప్పుడే చదువుకొన్నాడు, తాను ఎదిగిన తరువాత వెనుకవారిని మరువలేదు. ఇతరులకు దారి చేయడం ఆయనకు మైదానంలో వృత్తి. మైదానం వెలుపల అదే ఆయన జీవితమైంది.