మొలొకాయి దీవిలో ఫాదర్ డామియన్

పసిఫిక్ మహాసముద్రపు పటమును విప్పి చూచినచో నడుమ చిన్న చుక్కలవలె హవాయీ దీవులు కనబడును. అవి నేడు అమెరికా సంయుక్త రాష్ట్రములలో చేరియున్నను, పందొమ్మిదవ శతాబ్దమున తమ రాజును, తమ శాసనసభను గల స్వతంత్ర రాజ్యముగ నుండెను. ఆ దీవులలో మొలొకాయి యనునది యొకటి. దాని యుత్తర తీరమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన చదునైన నేల కలదు. దానికి మూడు ప్రక్కల సముద్రము. నాలుగవ ప్రక్క సుమారు 2,000 అడుగుల యెత్తున గోడవలె నిలిచిన కొండ. చెరసాల గోడలు కట్టకయే చెరసాలయైన ఆ చోటికి తానై వెళ్లి, తిరిగి రాని యొక మనుష్యుని చరిత్రము ఇది.

1840వ సంవత్సరము జనవరి 3వ తేదీన బెల్జియము దేశములోని ట్రెమెలో గ్రామమున నొక రైతు కుటుంబములో ఆయన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు జోసెఫ్. సన్యాసాశ్రమమున డామియన్ అను పేరు వచ్చెను. ఆయన యన్నగారు హవాయీ దీవులకు మిషనెరీగా బయలుదేరవలసియుండగా జబ్బుపడిరి. తమ్ముడు ఆ స్థానమున తాను పోవుదునని పెద్దలను బతిమాలి యనుమతి పొందెను. కొన్ని నెలలు సముద్రముమీద ప్రయాణము చేసి 1864 మార్చి 19వ తేదీన హొనొలూలు చేరి, ఆ యేటనే గురువుగా అభిషేకము పొందెను. పిమ్మట తొమ్మిదేండ్లు హవాయీ యను పెద్ద దీవిలో పల్లె పల్లెకు తిరుగుచు, అచ్చటి భాష నేర్చి, వడ్రంగి పనిముట్లు చేతబట్టి దేవాలయములు కట్టెను. ఈ వడ్రంగము తరువాత ఆయనకు ఎంతగా అక్కరకు వచ్చెనో ముందు చూడగలము.

పరదేశపు ఓడలతోబాటు క్రొత్త వ్యాధులు ఆ దీవులకు వచ్చెను. వానిని తట్టుకొను శక్తి లేక దీవివాసుల సంఖ్య నానాటికి తగ్గిపోయెను. కుష్ఠరోగము వ్యాపించుట చూచి భయపడి, 5వ కమేహమేహా రాజు కాలమున 1865లో ప్రభుత్వము ఒక చట్టము చేసెను. ఆ చట్టము ప్రకారము రోగులను పట్టి మొలొకాయికి పంపవలెను. 1866 జనవరిలో మొదటి గుంపు అచ్చట దిగెను. భర్త నుండి భార్యయు, తల్లి నుండి బిడ్డయు వేరైపోయిరి. కొందరు తమవారిని అడవులలో దాచిరి.

అచ్చటికి పోయిన రోగులు పైరు పండించుకొని తమ పొట్ట తామే పోసికొందురని అధికారులు తలచిరి. వ్రేళ్లు మొద్దుబారి, కాళ్లు పుండ్లుపడిన వారు పార యెట్లు పట్టగలరు? ఆ దీవులవారికి చేమదుంప మనకు వరియన్నము వంటిది. దానిని ఉడికించి దంచి పోయి యను పిండివంటి ఆహారము చేసికొందురు. సముద్రము పొంగినపుడు సరకు పడవ రాదు. పడవ రానినాడు పస్తే. త్రాగునీరు దూరమునుండి మోసికొని తేవలెను. మోయలేనివాడు దాహముతో పడియుండవలెను. అచ్చటనే యుండి చికిత్స చేయు వైద్యుడు తొలి సంవత్సరములలో లేడు.

1873 మే 10వ తేదీన డామియన్ ఆ తీరమున దిగెను. అప్పుడాయన వయస్సు 33 ఏండ్లు. పలువురు గురువులు వంతులవారీగా కొంతకాలము చొప్పున అచ్చట నుండవలెనని బిషప్పుగారి యేర్పాటు. మొదటి వంతు డామియన్‌ది. ఆ వంతు ఆయన మరణమువరకు ముగియలేదు. ఇల్లు లేనందున తొలి దినములలో దేవాలయము ప్రక్కనున్న మొగలిచెట్టు క్రింద పరుండెను.

ఆయనయొద్ద ఆ రోగమును కుదుర్చు మందు లేదు, లోకములోనే లేదు. కనుక చేయగలిగిన దానిని ఆయన చేసెను. నీటి గొట్టములు ఓడమీద రాగా, కాలుసేతులాడు రోగులు ఆయనతో గూడి వానిని పాతి నీటిని ఊరిలోనికి తెచ్చిరి. పెనుగాలికి గుడిసెలు కూలిపోగా కలప తెప్పించి, రోగులతో కలిసి ఇండ్లు కట్టెను. పుండ్లు కడిగి కట్లు కట్టెను. దిక్కులేని పిల్లలను చేరదీసి వసతి కల్పించెను. శవపేటిక కొనలేని పేదలను పూర్వము దుప్పటిలో చుట్టి పూడ్చెడివారు; ఆయన తన చేతులతో పేటికలు చేసి, శ్మశానమునకు కంచె వేసి, ప్రతివానిని గౌరవముగ సాగనంపెను. ఆ దీవులలో ఒకే పాత్రలోని పోయిని అందరును వ్రేళ్లతో తినుట వాడుక, తినకుండుట అవమానము. ఆయన వారితో కూర్చుండి తినెను.

ఇవన్నియు సులువుగ జరిగినవి కావు. డబ్బు ఇచ్చునది హొనొలూలులోని ఆరోగ్యశాఖ. ఆ డబ్బును మంజూరు చేయునది శాసనసభ. చిన్న రాజ్యమునకు ఆ ఖర్చు పెద్ద భారమే. డామియన్ కలప కొరకు, బట్టల కొరకు, ఆహారము కొరకు మాటిమాటికి జాబులు వ్రాసెను. ఆయన మొండివాడని అధికారులు విసుగుకొనిరి. ముక్కోపి యనుట నిజమే. తోడిపనివారికి ఆయనతో వేగుట కష్టముగ నుండెను. రోగులతో నున్నవాడు బయటికి రాకూడదని ఆరోగ్యశాఖ మొదట ఉత్తరువు చేసినపుడు, ఆయన పై గురువు వచ్చిన ఓడ యెక్కుటకును అనుమతి దొరకలేదు. చిన్న పడవలో నిలుచుండి, ఓడ మీదివారందరు వినుచుండగా, ఆయన తన పాపములు ఒప్పుకొనెను.

1884 డిసెంబరులో ఒకనాడు మరగుచున్న నీళ్లు కాలిమీద పడగా, చర్మము బొబ్బలెక్కెను గాని నొప్పి తెలియలేదు. దాని యర్థమేమో ఆయనకు బోధపడెను. అటుపిమ్మట రోగులను గూర్చి పలుకునపుడు తనను వారిలో నొకనిగా చెప్పుట మాటవరుసకు గాక నిజమయ్యెను. అయినను పని మానలేదు. 1886లో జోసెఫ్ డట్టన్ అను అమెరికను, 1888లో మదర్ మరియాన్ అను సన్యాసిని తన సోదరీలతోను తోడుపడ వచ్చిరి. 1889 ఏప్రిల్ 15వ తేదీన, 49వ యేట, ఆయన కన్నుమూసెను. మొదటి రాత్రులు తలదాచుకొనిన మొగలిచెట్టు క్రిందనే ఆయనను సమాధి చేసిరి. 1936లో ఆయన శరీరమును బెల్జియమునకు తీసికొనిపోయిరి. 2009లో రోమను కతోలిక సంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను.

మరణించిన తరువాతను నిందలు తప్పలేదు. హొనొలూలులోని యొక ప్రొటెస్టెంటు బోధకుడు ఆయనను దూషించి వ్రాసిన జాబు అచ్చుపడగా, ప్రసిద్ధ రచయితయగు స్టీవెన్సన్ 1890లో బహిరంగముగ ప్రత్యుత్తరమిచ్చెను. స్టీవెన్సనును ప్రొటెస్టెంటు ఇంట పెరిగినవాడే. కాని మొలొకాయికి స్వయముగ పోయి చూచివచ్చినవాడు.

డామియన్ మొలొకాయి చేరిన 1873వ సంవత్సరముననే నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు కుష్ఠరోగమునకు కారణమగు సూక్ష్మక్రిమిని కనుగొనెను. సల్ఫోను మందులు ఆ దీవికి 1946లో చేరెను. నిర్బంధపు చట్టము మాత్రము 1969వరకు పోలేదు. నేడు ఈ వ్యాధి పూర్తిగ నయమగును. మందు తినుచున్న రోగి వలన ఇతరులకు సోకదు. మన తెలుగునాటను డిచ్‌పల్లి మొదలగు చోట్ల మిషనువారి యాసుపత్రులు ఈ రోగులకు ఆశ్రయమిచ్చెను. అయినను భర్తకు గాని భార్యకు గాని కుష్ఠు ఉన్నదను కారణముచే విడాకులు కోరవచ్చునను నిబంధనను మన పార్లమెంటు తొలగించినది 2019లోనే. మందు దొరకిన యెన్నో యేండ్లకు గాని భయము చట్టమును విడువలేదు.

విద్యార్థులారా, మీ తరగతిలో జబ్బుపడి వచ్చినవాని ప్రక్కన బల్లమీద చోటు ఖాళీగ నున్నచో, అచ్చట కూర్చుండుటకు మొలొకాయి వరకు పోనక్కరలేదు. వ్యాధి సంగతి వైద్యునడిగి తెలిసికొనుడు. తెలిసికొనిన పిమ్మట వెళ్లి ఆ చోట కూర్చుండుడు.