వెలుతురును లెక్కించిన ముసవ్విర్ - రాజా దీన్‌దయాళ్

ఛాయాచిత్ర కళను నేర్వగోరే విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేవి మూడు ప్రశ్నలు. ఎంత వెలుతురు? ఎంతసేపు? ఏ దిక్కు నుండి? ఈ మూడింటికి సమాధానం వెదకుటలో జీవితాన్ని ధారపోసిన మహనీయుడు రాజా దీన్‌దయాళ్.

ఆయన 1844లో మీరట్ సమీపాన గల సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో చేరారు. కట్టడాలకు అంచనాలు వేయడం, పటాలు గీయడం ఆయన పని. ఇంచుమించు ముప్పదియేండ్ల వయస్సున, 1874 ప్రాంతంలో, ఆయన కెమెరా చేపట్టారు. కొలతలకు అలవడిన మనిషికి ఇక వెలుతురును కొలవవలసి వచ్చింది.

ఆనాడు ఈ విద్య ఎంతో కష్టసాధ్యం. గాజుపలకపై కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేటు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి, వెంటనే చీకటి గుడారంలో కడగాలి. కాంతిని కొలిచే మీటరు లేదు. కటకం మూత తీసి, మనస్సులో సెకన్లు లెక్కించి, మరల మూయడమే. వ్యవధి చాలకపోతే నీడలలోని వివరాలు పలకకు అందవు. మించితే తెల్లని భాగాలన్నీ ఒకే ముద్దయిపోతాయి. కటకపు రంధ్రం వైశాల్యాన్ని సగం చేస్తే వ్యవధిని రెట్టింపు చేయాలి. పైగా ఆ పలకకు నీలం త్వరగాను, ఎరుపు అతి మందంగాను అందేవి. అందుచేత ఎర్రని వస్త్రం నల్లగాను, నీలాకాశం తెల్లగాను వచ్చేవి. కంటికి కనిపించేది ఒకటి, పలక గ్రహించేది మరొకటి అని ఆనాటి ఛాయాచిత్రకారుడు ఎన్నో పలకలు పాడుచేసుకొని గాని గ్రహించలేడు.

1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్‌లో పర్యటించి ప్రాచీన కట్టడాలను చిత్రించారు. నడినెత్తి ఎండలో చెక్కడాలు చదునుగా కనిపిస్తాయి. ఏటవాలు ఎండలో ప్రతి గీత నీడతో సహా లేచి నిలుస్తుంది. రాతిని చిత్రించేవాడు సూర్యుని కొరకు వేచియుండక తప్పదు.

1885లో ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులైనారు. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ముసవ్విర్ జంగ్ అనే బిరుదుతో నిజాం ఆయనను సత్కరించారు. 1892లో హైదరాబాదులో స్త్రీలకై ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో ఏర్పరచి, దాని నిర్వహణను ఒక మహిళకే అప్పగించడం ఆయన సంస్కారానికి నిదర్శనం. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు ఎవరి మర్యాదకూ లోపం కలుగకుండా కెమెరా ముందు కూర్చోగలిగారు. ఎదుటివారు నిశ్చింతగా ఉండనిదే ఎంత మంచి వెలుతురైనా ముఖాన్ని వెలిగించలేదు గదా!

1897లో విక్టోరియా రాణి ఆయనకు తన ఛాయాచిత్రకారునిగా గుర్తింపునిచ్చారు. 1905లో ఆయన కన్నుమూశారు. ఆయన గాజుపలకలు 2,800కు పైగా నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఏనాడో మాసిపోవలసిన ముఖాలు, కోటలు, కొలువులు వాటిలో నిలిచియున్నాయి.

విద్యార్థి మిత్రులారా! నేటి కెమెరా లెక్కలన్నీ తానే వేసుకొంటుంది. అయినా ఒక కిటికీ ప్రక్కన మిత్రుని కూర్చుండబెట్టి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఆ ముఖంపై నీడ ఎటు జరుగుతున్నదో గమనించండి. దీన్‌దయాళ్ విద్యకు అదే తొలి పాఠం.