పేదల కోసం కొయ్యకాలు: ఆంబ్రోయిజ్ పారే జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా మహనీయుల జీవితాలు వస్తూనే ఉంటాయి. పూలే గురించి, అంబేద్కర్ గురించి, జాషువా గురించి మాకంటే బాగా రాసిన అన్నలూ అక్కలూ ఉన్నారు. ఈసారి మేము పరిచయం చేయదలచుకున్నది దాదాపు 500 ఏళ్ల కిందట పుట్టిన ఒక ఫ్రెంచి క్షురకుణ్ణి. ఆయన పేరు ఆంబ్రోయిజ్ పారే. ఆధునిక శస్త్రచికిత్సకు బాట వేసినవారిలో ఒకరిగా వైద్య విద్యార్థులు ఆయన పేరు వింటారు. మాకు మాత్రం ఆయన ఒక కొయ్యకాలు బొమ్మ ద్వారా తెలిశారు.

ముందు ఆ సంగతి చెప్పాలి. కిందటేడు మా గదిలోని మిత్రుడి నాన్నగారికి షుగరు ముదిరి కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆయన కూలికి వెళ్లే మనిషి. మిత్రుడు చదువు మానేసి ఇంటికి వెళ్లిపోతానని పెట్టె సర్దుకున్నాడు. ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేము. ఒకరు వెనక్కి పోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. ఏదో ఒక దారి చూద్దామని లైబ్రరీలో వెతుకుతుంటే వైద్యచరిత్ర పుస్తకంలో పారే గ్రంథం నాటి బొమ్మ కనిపించింది. కొయ్యతో చేసిన కాలు. అది పేదల కోసమని కింద రాసి ఉంది. రాజుల దగ్గర కొలువు చేసినాయన పేదల కోసం విడిగా కాలు బొమ్మ ఎందుకు వేయించాడా అన్న ఆశ్చర్యంతోనే ఆయన జీవితం చదివాం.

పారే 1510 ప్రాంతంలో ఫ్రాన్సులోని లావల్ పట్టణం పక్కన ఒక చిన్న పల్లెలో, చేతిపనుల మీద బతికే కుటుంబంలో పుట్టారు. ఆనాటి పారిస్ నగరంలో వైద్యం మూడంతస్తుల ఇల్లులా ఉండేది. పై అంతస్తులో విశ్వవిద్యాలయంలో లాటిన్ చదివిన వైద్యులు. వాళ్లు చెప్పేవారే గానీ కత్తి పట్టేవారు కాదు. మధ్యలో పొడుగు అంగీల శస్త్రవైద్యులు. అట్టడుగున గడ్డం గీసి, నెత్తురు తీసి, పుండ్లకు కట్టు కట్టే క్షురకులు. మన పల్లెల్లోనూ ఒకప్పుడు గడ్డలు కోసి కట్లు కట్టింది నాయీబ్రాహ్మణ కుటుంబాలవారే, పురుళ్లు పోసింది ఆ ఇళ్ల ఆడవాళ్లే. చేత్తో ముట్టి చేసే పనిని తక్కువగా చూడటం ఒక్క మన దేశానికే పరిమితం కాదన్నమాట.

పారే ఆ అట్టడుగు అంతస్తులోనే పని నేర్చారు. పారిస్‌లోని ఓతెల్ దియూ అనే పెద్ద ధర్మాసుపత్రిలో సుమారు మూడేళ్లు రోగుల మధ్యే గడిపారు. ఆ తర్వాత సైన్యంతో కలిసి యుద్ధానికి వెళ్లారు.

1537లో ఇటలీలోని టూరిన్ దగ్గర పోరాటం. తుపాకీ గాయంలో విషం ఉంటుందని ఆనాటి పండితుల నమ్మకం. అందుకని మరిగే నూనె గాయంలో పోసేవారు. పారే కూడా అదే చేశారు. గాయపడినవాళ్లు ఎక్కువై ఒకరోజు నూనె అయిపోయింది. మిగిలినవారికి గుడ్డు పచ్చసొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి పూసి కట్టు కట్టారు. విషం ఎక్కి చచ్చిపోతారేమోనన్న భయంతో ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి వెళ్లి చూస్తే, పూత పూసినవారు నొప్పి తగ్గి ఉన్నారు. నూనె పోయించుకున్నవారు జ్వరంతో, వాపుతో మూలుగుతున్నారు. ఇక ఎవరి గాయాన్నీ అలా కాల్చకూడదని ఆయన నిశ్చయించుకున్నారు. 1545లో ఈ అనుభవాన్ని పుస్తకంగా రాశారు, అదీ లాటిన్‌లో కాదు, తన మాతృభాష ఫ్రెంచిలో. లాటిన్ ఆయనకు రాదు మరి.

అప్పట్లో కాలు తీసేశాక నెత్తురు ఆపడానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టేవారు. 1552 నాటికి పారే దాన్ని వదిలి రక్తనాళాలను దారంతో ముడివేయడం మొదలుపెట్టారు. ఈ పద్ధతి పాత గ్రంథాల్లో ఉన్నదే, కాని కాలు తీసేటప్పుడు వాడి చూపించింది ఆయన. ఆ ఏడే రాజుగారి శస్త్రవైద్యుల్లో ఒకరయ్యారు. వరుసగా నలుగురు రాజుల దగ్గర పనిచేశారు.

మామూలుగా ఆయన గురించి రాసేవాళ్లు ఇక్కడితో ఆపి ఘనకార్యాల పట్టిక వేస్తారు. మాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. కాలు తీసి ప్రాణం కాపాడిన సిపాయి ఊరికి వెళ్లి ఎలా బతకాలి? 1564లో వచ్చిన శస్త్రచికిత్స గ్రంథంలోనే ఆయన కృత్రిమ అవయవాల బొమ్మలు వేయించారు. లోపల పళ్లచక్రాలు, స్ప్రింగులు ఉన్న ఇనుప చెయ్యి ఒకటి. దాన్ని చేసింది తాను కాదని, పారిస్‌లో తాళాలు చేసే పనివాడని, జనం అతన్ని చిన్న లోరైన్ అని పిలుస్తారని పుస్తకంలోనే చెప్పారు. డాక్టరు పేరు కింద పనివాడి పేరు మాయమవడం మనం చూస్తూనే ఉంటాం కాబట్టి ఈ ఒక్క మాట మాకు చాలా పెద్దదిగా తోచింది. 1968లో మన దేశంలో జైపూర్ కాలు తయారైనప్పుడూ డాక్టర్ పి.కె. సేథీ పక్కన రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు ఉన్నాడు.

డబ్బున్నవారికి మోకాలి దగ్గర మడిచే కీలు, గొళ్లెం ఉన్న ఖరీదైన కాలు. అది కొనలేనివారికి వడ్రంగి చేయగల కొయ్యకాలు. మోకాలిని వెనక్కి మడిచి మెత్త మీద ఆనించాలి. తొడ పక్కగా పైకి వచ్చే చెక్కను పట్టీలతో బిగించాలి. కింద ఒక్కటే కొయ్య. ఇలాంటి కొయ్యకాళ్లు పారేకి ముందూ ఉన్నవే. కాని రాజవైద్యుడు రాసిన పుస్తకంలో, ఖరీదైన కాలుతో పాటు దానికీ చోటు దొరికింది.

మేము ఆ బొమ్మను కాగితం మీద దించుకుని మిత్రుడి ఊరి వడ్రంగి దగ్గరకు తీసుకెళ్దామనుకున్నాం. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగారు ఆపారు. మోకాలు ఎప్పుడూ మడిచి ఉంచితే బిగుసుకుపోయి తర్వాత మామూలు కృత్రిమ కాలు పెట్టడం కష్టమవుతుందట. షుగరు ఉన్నవారికి ఒరుసుకుని పుండు పడినా తెలియదట. కొలతలు తీసుకునే దాకా చంకకర్రలు చాలన్నారు. వెదురుతో మేమే చేశాం. పైచివర చంకకు రెండు మూడు వేళ్ల కిందే ఉండాలి, బరువు చంక మీద కాక చేతుల మీద పడాలి. లేకపోతే నరం నొక్కుకుని చేతులు తిమ్మిరెక్కుతాయి. మొదటి జత పొడుగెక్కువై మళ్లీ కోశాం. అడుగున జారకుండా పాత సైకిల్ టైరు ముక్కలు బిగించాం.

పారే దగ్గరకు వద్దాం. 1575లో తన రచనలన్నీ ఒక్క గ్రంథంగా వేసినప్పుడు పారిస్ వైద్య పండితులు అడ్డు తగిలారు. తమ అనుమతి లేనిదే వైద్య గ్రంథం అమ్మరాదన్నారు. లాటిన్ రాని క్షురకుడు జ్వరాల గురించి కూడా రాయడమేమిటన్నది వాళ్ల కోపం. తెలుగు మీడియం నుంచి వచ్చి సెమినార్‌లో నోరు విప్పడానికి వణికిన మాకు ఈ ఘట్టం చదువుతుంటే ఒళ్లు వేడెక్కింది. పుస్తకం ఆగలేదు. ఆయన బతికుండగానే మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆయనలో లోపాలు లేవని మేము అనం. వింత జంతువుల కథలు నిజమని నమ్మి పుస్తకం రాశారు. అంతకంటే బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. తొమ్మిదో చార్లెస్ రాజు కాలంలో ఏ విషానికైనా విరుగుడని చెప్పే ఒక రాయిని పరీక్షించాలనుకున్నారు. వెండి పళ్లేలు దొంగిలించి ఉరిశిక్ష పడిన ఒక వంటవాడికి విషమిచ్చి ఆ రాయిని మింగించారు. అతను గంటల తరబడి యాతనపడి చనిపోయాడు. రాయి పనికిరాదని రుజువైందని పారే రాసుకున్నారు. వంటవాడు ఒప్పుకునే వచ్చాడంటారు. ఉరితాడు ముందున్న పేదవాడి ఒప్పుకోలు ఏపాటిదో మీరే ఆలోచించండి. మా గదిలో దీని మీద రాత్రంతా వాదన జరిగింది, తేలలేదు.

1590లో పారిస్ ముట్టడిలో జనం ఆకలితో చనిపోతున్నప్పుడు పారేకి 80 ఏళ్ల వయసు. వీధిలో ఒక వంతెన దగ్గర ఎదురైన లియాన్ ఆర్చిబిషప్‌ను నిలేసి, పేదలు చచ్చిపోతున్నారు, సంధి చేయించమని అడిగారని ఆనాటి ఒక దినచర్య రచయిత నమోదు చేశాడు. ఆ డిసెంబరు 20న ఆయన కన్నుమూశారు.

మిత్రుడు ఈ సెమిస్టరు పరీక్షలు రాశాడు. నాన్నగారికి సంక్రాంతి తర్వాత ఉచిత శిబిరంలో కాలికి కొలతలు తీసుకున్నారు. మేము దించుకున్న ఆ పాత బొమ్మ మా గది తలుపు వెనక అంటించి ఉంది. చూడాలనుకున్న తమ్ముళ్లు స్టడీ అవర్ మొదలయ్యే లోపు రండి.