కేరీ ఇంట్లో మూసి ఉన్న గది



1805లో మన విశాఖపట్నానికి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే మిషనరీలు వచ్చారు. ఆనందరాయర్ సాయంతో వారు తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని సెరంపూర్‌లో అచ్చయ్యాయి. సెరంపూర్ అనగానే మనకు విలియం కేరీ గుర్తొస్తారు. ఆయన బైబిలు అనువాదాల గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఆయన ఇంటి గురించి విన్నది తక్కువ.

1793లో ఇండియాకు రావడం కేరీ భార్య డొరొతీకి ఇష్టం లేదు. చెల్లెలు కిట్టీ తోడు వస్తేనే, చంటిబిడ్డతో ఓడ ఎక్కింది. ఇక్కడికి వచ్చాక కిట్టీ పెళ్లి చేసుకుని వేరుగా ఉండిపోయింది. 1794లో ఐదేళ్ల పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. మరుసటి ఏడు నుండి డొరొతీ మనసు చెదిరింది. భర్త మీద లేనిపోని అనుమానాలు, కేకలు, ఒక్కోసారి దాడి. చివరికి ఆమెను గదిలో ఉంచి తలుపు వేయవలసి వచ్చింది. కేరీ ఆమెను ఇంట్లోనే ఉంచుకున్నారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది ఆ ఇంటి నుండే. 1807 డిసెంబరులో ఆమె కన్నుమూసే వరకు పన్నెండేళ్లు అలాగే గడిచాయి.

కేరీ అన్నీ ఒంటరిగా మోయలేదు, మోయలేకపోయారు కూడా. పిల్లలు అదుపు తప్పుతుంటే హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్ వారిని దగ్గరకు తీశారు. ఆయన జీవితంలో మనం మరచిపోయే భాగం ఇదే.

డొరొతీది డిమెన్షియా కాదు. కాని చూసుకునేవారి అలసట ఒకటే. మన గాజువాకలో, స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లలో, పోర్టు కాలనీల్లో కన్నతండ్రే తనను గుర్తుపట్టక ఎవరు నువ్వని అడిగే కూతుళ్లున్నారు. రాత్రి నిద్ర లేని భార్యలున్నారు. విసుక్కుంటారు, ఆ వెంటనే పాపం చేశామని ఏడుస్తారు. ఆ విసుగు అవిశ్వాసం కాదు, అలసట. వారు ఆరాధనకు రావడం మానేస్తే చల్లారిపోయారని మనం అనుకుంటాం. ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవారు లేక రాలేదని ఆలోచించం.

మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు వచ్చి ఆ చేతులను ఎత్తి పట్టుకున్నారు. ఈ ఆదివారం మన సంఘంలో అలాంటి ఇల్లు ఒకటి వెతుకుదాం. ఇద్దరు వెళ్లి రెండు గంటలు ఆ పెద్దాయన దగ్గర కూర్చుంటే చాలు, ఆ కూతురు గుడికి వస్తుంది, లేదా హాయిగా నిద్రపోతుంది. రెండూ మంచివే. దిగులు మరీ ఎక్కువైతే 14416 టెలీమానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చని కూడా చెబుదాం. ప్రార్థన చేసి వచ్చేద్దామనే మన అలవాటును ఈసారి కొంచెం మార్చుకుందాం: ప్రార్థన చేసి, అక్కడే కాసేపు ఉందాం.