విల్లెమ్ కారెల్ డిక్కె

విల్లెమ్ కారెల్ డిక్కె (ఫిబ్రవరి 21, 1905 - ఏప్రిల్ 27, 1962) నెదర్లాండ్స్ దేశానికి చెందిన ప్రముఖ శిశువైద్యుడు. సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలకు గోధుమలే హాని చేస్తున్నాయని నిరూపించి, గ్లూటెన్ లేని ఆహార చికిత్సకు పునాది వేసాడు.

== జీవిత విశేషాలు ==

డిక్కె డోర్‌డ్రెక్ట్ పట్టణంలో జన్మించాడు. 1922 నుండి 1929 వరకు లైడెన్‌లో వైద్యవిద్య అభ్యసించాడు. తరువాత ది హేగ్ నగరంలోని యూలియానా పిల్లల ఆసుపత్రిలో శిశువైద్యంలో శిక్షణ పొందాడు. 1936లో, 31 ఏళ్ళ వయసులోనే, అదే ఆసుపత్రికి వైద్య సంచాలకుడయ్యాడు.

== నాటి పరిస్థితి ==

సీలియాక్ వ్యాధిలో చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, ఆహారంలోని పోషకాలు శరీరానికి అందవు. విరేచనాలు, పొట్ట ఉబ్బరం, ఎదుగుదల లోపం దీని ముఖ్య లక్షణాలు. లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లో ఈ వ్యాధిని వర్ణించి, ఆహారమే దీనికి చికిత్స అని భావించాడు. ఏ ఆహారమన్నది మాత్రం తేలలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపళ్ళ పథ్యాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. దానితో చాలామంది పిల్లలు కోలుకున్నా అసలు కారణం తెలియరాలేదు. వ్యాధి ముదిరిన పిల్లలు మరణించడం అప్పట్లో అరుదు కాదు.

== పరిశోధన ==

రొట్టె మానిపిస్తే ఈ పిల్లల ఆరోగ్యం మెరుగవుతుందని డిక్కె 1930లలోనే గమనించాడు. 1941లో ప్రచురించిన వ్యాసంలో రొట్టె, రస్కులు లేని సులభమైన పథ్యాన్ని సూచించాడు.

1944-45 శీతాకాలంలో జర్మనీ దిగ్బంధం వలన పశ్చిమ నెదర్లాండ్స్‌లో తీవ్రమైన కరువు ఏర్పడింది. ప్రజలు తులిప్ దుంపలు కూడా తినవలసి వచ్చింది. రొట్టె దొరకని ఆ రోజుల్లో సీలియాక్ పిల్లల పరిస్థితి మెరుగైంది; రొట్టె తిరిగి లభించాక వ్యాధి తిరగబెట్టింది. ఈ కరువే ఆవిష్కరణకు మూలమని తరచుగా చెబుతారు. కానీ 1941 నాటి వ్యాసాన్ని బట్టి చూస్తే కరువు అతని అనుమానాన్ని బలపరచిందే గాని పుట్టించలేదని తెలుస్తుంది.

అనుమానాన్ని రుజువు చేయడానికి డిక్కె కొలతలపై ఆధారపడ్డాడు. గోధుమలు ఇచ్చిన కాలంలోను, మానిపించిన కాలంలోను పిల్లల బరువు, ఎత్తు, ఆకలి, విరేచనాల తీరు నమోదు చేసాడు. ఈ పరిశీలనలతో 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. తరువాత వాన్ డె కామర్, వైయర్స్‌లతో కలిసి, మలంలో పోయే కొవ్వును కొలిచి, గోధుమ పిండిలోని గంజి పదార్థం కాక గ్లూటెన్ అనే మాంసకృత్తే హానికరమని నిర్ధారించాడు. ఈ ఫలితాలు 1953లో ప్రచురితమయ్యాయి.

== చివరి రోజులు ==

1957లో డిక్కె ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, విల్‌హెల్మినా పిల్లల ఆసుపత్రి వైద్య సంచాలకుడిగా నియమితుడయ్యాడు. 57 ఏళ్ళ వయసులో మరణించాడు. నెదర్లాండ్స్ జీర్ణకోశ వైద్యుల సంఘం అతని పేరిట బంగారు పతకాన్ని నెలకొల్పింది.

== తదనంతర ప్రభావం ==

పథ్యం సరిగా సాగుతున్నదా అని తెలుసుకోవడానికి డిక్కె వద్ద తూకం, కొలబద్ద, మల పరీక్ష మాత్రమే ఉండేవి. 1997లో జర్మన్ పరిశోధకులు ఈ వ్యాధిలో శరీరం టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైముపై ప్రతిరక్షకాలను తయారు చేస్తుందని కనుగొన్నారు. ఈ ప్రతిరక్షకాలను కొలిచే రక్తపరీక్షను వ్యాధి నిర్ధారణకు, పథ్యంలో ఉన్న పిల్లల పర్యవేక్షణకు కూడా వాడుతున్నారు. గ్లూటెన్ మానివేసిన తరువాత వీటి స్థాయి నెలల తరబడి క్రమంగా తగ్గుతుంది. తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ పెరిగినా గ్లూటెన్ ఏదో రూపంలో ఆహారంలో చేరుతోందని అనుమానించాలి. అయితే కొద్దిపాటి పొరపాట్లను ఈ పరీక్ష పసిగట్టలేకపోవచ్చు. పరీక్షకు ముందే పథ్యం ప్రారంభిస్తే వ్యాధి ఉన్నా బయటపడకపోవచ్చు. అందువలన రక్తపరీక్షతో పాటు, డిక్కె చేసినట్లే, పిల్లల బరువు, ఎత్తు కూడా ఇప్పటికీ నమోదు చేస్తారు.